ఐదో నంబరు ఫర్నేసు సెలవు చీటీ

మా కంపెనీలో ఐదో నంబరు ఫర్నేసుకు ఉద్యోగం ఇచ్చింది నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు. సిబ్బంది విభాగంలో ఇరవై ఆరేళ్ళుగా సీనియర్ అసిస్టెంటుని. ఈ చేత్తో రెండు వేల మందికి సర్వీసు పుస్తకాలు తెరిచాను. వాళ్ళలో సగం మంది ఆ ఫర్నేసు చేసినంత పని కూడా చేయలేదు.

మాది సముద్రం ఒడ్డున ఉన్న ప్రభుత్వరంగ పెట్రోకెమికల్ ఫ్యాక్టరీ. తెలియనివాళ్ళ కోసం ఫర్నేసు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నాఫ్తా అనే నూనెను ఆవిరితో కలిపి, మంటల మధ్య వేలాడే ఉక్కు ట్యూబుల్లోంచి పంపిస్తారు. ఎనిమిది వందల యాభై డిగ్రీల వేడికి ఆ నూనె ముక్కలు ముక్కలై గ్యాసవుతుంది. ఆ గ్యాసే నాలుగు చోట్ల తిరిగి మీ ఇంట్లో బకెట్టూ మగ్గూ అవుతుంది. కానీ నూనె మొత్తం గ్యాసైపోదు. కొంత కర్బనం నల్లగా గట్టిపడి ట్యూబు లోపలి గోడకు పట్టేస్తుంది. దాన్ని కోకు అంటారు. కోకు మందమయ్యేకొద్దీ వేడి లోపలికి ఎక్కదు. ఎక్కడం లేదని మంట పెంచుతారు. మంట పెంచితే ట్యూబు పైన కాలి మెత్తబడుతుంది. అందుకని యాభై రోజులకోసారి నూనె ఆపి, ఆవిరీ గాలీ పంపి, లోపలి కోకును కాల్చేస్తారు. మూడు రోజుల పని, పేరు డీకోకింగ్. అడుగంటిన పాలగిన్నె తోముకున్నంత మామూలు సంగతి.

ఈ మామూలు సంగతి మామూలుగా జరిగిపోతూ ఉండగా, మా జనరల్ మేనేజరు చక్రధరం గారు ఏదో కొండ మీది హోటల్లో మూడు రోజుల సదస్సుకు వెళ్ళివచ్చారు. సదస్సు విషయం ‘అంకితభావం’. తిరిగి వచ్చిన రోజే సర్క్యులరు వేశారు. నెల రోజుల పాటు ఒక్క సెలవు కూడా పెట్టకుండా, ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకుండా, క్యాంటీనులో పావుగంటకు మించి కూర్చోకుండా పనిచేసిన ఉద్యోగికి ‘అవిశ్రాంత రత్న’ పురస్కారం ఇస్తారు. సదస్సుల్లో గడిపిన రోజులు లెక్కలోకి రావని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

నెల తిరిగేసరికి రెండు వేల నూట నలభై మందిలో ఒక్కడు కూడా రత్నం కాలేకపోయాడు. మా పర్సనల్ మేనేజరు వరాహమూర్తి గారు జాబితా పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని జి.ఎం. గదికి వెళ్ళారు. ఖాళీ జాబితా చూసి చక్రధరం గారి మొహం వాడిపోయింది. అప్పటికే శాలువా కొనేశారు. ఆయన దిగులుగా బల్ల మీది ఉత్పత్తి నివేదిక తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగిపోయారు.

"ఇదేమిటి? ఎఫ్-5. ముప్ఫై ఎనిమిది రోజులుగా అహర్నిశలూ. ఒక్క క్షణం కూడా ఆగలేదే!"

"అది ఫర్నేసు సార్," అన్నారు వరాహమూర్తి గారు.

"అయితేనేం? మనుషులు ఇవ్వలేని సందేశాన్ని అది మనకు అందిస్తోంది. పురస్కారం దానికే."

వరాహమూర్తి గారు నిబంధనలు తప్పే మనిషి కారు. "చిత్తం. అయితే సర్క్యులరు మూడో పేరా ప్రకారం, ఉద్యోగ సంఖ్య కలిగినవారే అర్హులు సార్."

"అయితే సంఖ్య ఇవ్వండి," అన్నారు చక్రధరం గారు, పేపర్‌వెయిటు తిప్పుతూ.

ఆ సాయంత్రమే నేను సర్వీసు పుస్తకం తెరిచాను. ఉద్యోగ సంఖ్య 2141. పేరు: ఎఫ్-5. ఎత్తు: ముప్ఫై రెండు మీటర్లు. పుట్టుమచ్చలు: తూర్పు గోడ మీద తుప్పు మరక ఒకటి, మూడో మెట్టు పక్కన సొట్ట ఒకటి. విద్యార్హతలు: లేవు. సంతకం చేయడం రాదు కనుక ఎడమచేతి వేలిముద్ర తీసుకోవాలి. వేలు లేదని రాసి వరాహమూర్తి గారి చేత పొడి సంతకం చేయించాను. నడవడిక విచారణకి స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబుల్ వచ్చి, తల పైకెత్తి చూసి, ‘పారిపోయే రకం కాదు’ అని రాసి ఇచ్చి వెళ్ళాడు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఇప్పటికీ ఆ పుస్తకంలో తప్పు పట్టమనండి చూద్దాం.

సన్మానం ఘనంగా జరిగింది. ఫర్నేసు ఒంటి మీద శాలువా కప్పడానికి ఆ వేడికి ఎవరూ దగ్గరికి పోలేక, పక్కనున్న గొట్టం మీద వేశారు. అది సిల్కు అని చెప్పి అంటగట్టిన నైలాను. ఫొటో తీసేంతవరకూ ఆగి, ఆ తర్వాత ముడుచుకుని, కరిగి, కంపు కొడుతూ కిందికి కారింది. మా కంపెనీ పత్రికలో మాత్రం ‘రత్నం శాలువాను ఆత్మీయంగా స్వీకరించింది’ అని పడింది.

యాభై రెండో రోజున షిఫ్టు ఇంజనీరు తబస్సుమ్ గారు మా సెక్షనుకు వచ్చారు. ఎప్పుడూ రాని మనిషి. హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడే మాట్లాడారు.

"పరబ్రహ్మం గారూ, ఎఫ్-5 డీకోకింగ్‌కి ఆపాలని మా మేనేజరుకు నోట్ పెట్టాను. ఆయన మీ దగ్గరికి పొమ్మన్నారు. ఎందుకండీ?"

"ఎందుకంటే, అది ఇప్పుడు ఉద్యోగి కదమ్మా," అన్నాను. "యంత్రాన్నయితే మీరు ఆపుకోవచ్చు. ఉద్యోగిని పని నుంచి ఆపడాన్ని సస్పెన్షన్ అంటారు. అది మా సెక్షను పని."

నేను వేళాకోళం ఆడడం లేదని అర్థమయ్యాక ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ట్యూబుల్లో కోకు పేరుకుపోయిందండీ. ఒకటి ఉబ్బుతోంది. అది పగిలితే లోపల మంటలో నూనె పడుతుంది. ఆ మంట బయటికి తన్నిందంటే ఎదురుగా మా మనుషులుంటారు."

ఈ మాట వరాహమూర్తి గారికి చేరవేశాను. ఆయన సానుభూతితోనే విన్నారు. "ప్రాణాల విషయంలో మనం రాజీపడే ప్రశ్నే లేదు," అన్నారు. "కానీ సహజ న్యాయసూత్రాల విషయంలోనూ రాజీపడలేం. అవతలివారి వాదన వినకుండా సస్పెండు చేస్తే రేపు కోర్టులో ఎవరు నిలబడతారు? ముందు అభియోగ పత్రం తయారుచెయ్యండి."

అభియోగ పత్రం నేనే రాశాను. ‘ఉద్యోగ సంఖ్య 2141 గల ఎఫ్-5 అనే మీరు, విధి నిర్వహణలో ఉండగా, పై అధికారుల అనుమతి లేకుండా, కంపెనీకి చెందిన కర్బనాన్ని మీ అంతర్భాగంలో దాచుకున్నట్లు తెలియవచ్చినది. ఏడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను.’ దాన్ని ఫర్నేసు తలుపుకు అంటించారు. పది నిమిషాల్లో కాగితం నల్లబడి రాలిపోయింది. ‘నోటీసు తీసుకోవడానికి నిరాకరించినది’ అని ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించాను.

అలా ఏడు రోజులు పోయాయి. సంజాయిషీ రాలేదు కనుక విచారణ అధికారిని వేశారు. అకౌంట్స్ నుంచి ఒకాయన వచ్చారు. ఫర్నేసు ఎదురుగా షామియానా, బల్ల, మంచినీళ్ళ కూజా. ఆయన గొంతు సవరించుకుని, "మీపై మోపిన అభియోగం మీకు అర్థమైందా?" అని అడిగారు. బర్నర్లు హోరుమన్నాయి. స్టెనో నా వంక చూశాడు. ‘నిందితుడు ఎలుగెత్తి మాట్లాడినాడు, విషయం స్పష్టం కాలేదు’ అని రాయమన్నాను. నిందితుడి తరఫున మాట్లాడడానికి తోటి కార్మికుడొకరు ఉండాలని రూలు. ఫర్నేసు దగ్గర పనిచేసే దాలినాయుడు చెయ్యెత్తాడు. అతనికి ఉద్యోగ సంఖ్య లేదని, తోటి కార్మికుడు కిందికి రాడని విచారణ అధికారి కూర్చోబెట్టేశారు. తోటి కార్మికుడు దొరికేంతవరకు విచారణ వాయిదా పడింది.

దాలినాయుడి గురించి చెప్పాలి. ఫర్నేసు గోడకి చిన్న చిన్న చూపు కన్నాలుంటాయి. వాటి మూతలు తీసి, లోపల ట్యూబుల రంగు చూసి, ఎలా ఉన్నదీ చెప్పడం అతని పని. వేడి కొలిచే పరికరాలు ఉన్నాయి, అయినా తబస్సుమ్ గారు కూడా ముందు అతన్నే అడుగుతారు. పంతొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మనిషి. అతనితో పాటు ఆ ఫర్నేసుల దగ్గర ఇంకో పదకొండు మంది ఉన్నారు. ప్రతి ఏడాదీ జూన్ ముప్ఫైన వాళ్ళని ఒక్క రోజు గేటు బయట నిలబెట్టి, మర్నాడు కొత్తవాళ్ళలాగా తీసుకుంటాం. అలా ఆపకపోతే సర్వీసు వరసగా ఉంది, పర్మనెంటు చెయ్యమంటారని భయం. ఆ ఆపే కాగితం తయారుచేసేది కూడా నేనే. దానికి అభియోగ పత్రం అక్కర్లేదు, షామియానా అక్కర్లేదు. ఒక్క లైను చాలు.

అరవై ఒకటో రోజు ఉదయం దాలినాయుడు నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"బాబూ, ఒక్కపాలి నాతోటి రండి. సూసి ఎల్లిపోదురు గాని."

"నేనొచ్చి చేసేదేముంది దాలినాయుడూ? నాకేం తెలుసు?"

"తెల్కపోతే మరీ మంచిది. తెల్సినోలంతా సూసేసి కాయితాలు రాసుకుంతన్నారు."

వెళ్ళాను. అతను ముందు తన మొహానికి కట్టుకునే అద్దం నాకు తొడిగి, కన్నం మూత కొద్దిగా తీశాడు. లోపల వరసగా ట్యూబులు వేలాడుతున్నాయి. ఎర్రగా, కొంచెం అందంగానే ఉన్నాయి.

"ఆ రంగు సూసినారు కదా, దానిమ్మ గింజ రంగు? అది మంచిదే. ఇప్పుడు ఎడంపక్క నాలుగోది సూడండి."

నాలుగోది నిమ్మపండు రంగులో వెలుగుతోంది. నడుం దగ్గర, కొండచిలువ ఏదో మింగినట్టు, ఉబ్బి ఉంది.

"అది ఎన్నాళ్ళుంటుంది?"

"నానేటి సెప్పగలనండి? రేపుంతాదో, ఎల్లుండి దాకా ఉంతాదో. అది పేలినప్పుడు ఈ కన్నం కాడ ఎవుడుంతే ఆడి పని ఐపోనాదే. గంటగంటకీ వొచ్చి సూడమని ఆర్డరేసినారు. సూడకపోతే పనిలోంచి తీసేస్తారు. సూస్తే ఇదిగో, ఇక్కడే నిలబడాల."

నాకు సిగ్గేసింది. ఆ మాట దాచుకోను. ఇరవై ఆరేళ్ళుగా నేను రాసిన కాగితాల్లో ఏ ఒక్కటీ ఇంత వేడిగా ఉన్న చోటికి నన్ను తీసుకురాలేదు. మెట్లు దిగుతూ ఆలోచించాను. ఫర్నేసును ఆపాలంటే సస్పెన్షన్, సస్పెన్షన్ కావాలంటే విచారణ. ఉద్యోగి తనంతట తాను ఆగిపోతే? దానికి మా పుస్తకంలో చక్కని దారి ఉంది. జబ్బు సెలవు.

మా ఆసుపత్రి డాక్టరు ఎలీషా గారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, దేనికీ ఆశ్చర్యపోరు. విషయం చెబితే స్టెతస్కోపు మెడలో వేసుకుని అంబులెన్సులోనే వచ్చారు. కన్నంలోంచి రెండు నిమిషాలు చూశారు. మూత తనే వేశారు.

"ఇంత పూడిక యాభై ఏళ్ళు దాటిన నా పేషెంట్లలో చూస్తుంటాను," అన్నారు నాతో. "వాళ్ళను మాత్రం ఇంకా పరిగెత్తమని ఎవరూ అనరు." అక్కడే చీటీ రాశారు. ‘లోపలి నాళములలో తీవ్రమైన పూడిక. నాళము ఒకటి ఉబ్బి చిట్లుటకు సిద్ధముగా ఉన్నది. వెంటనే మూడు రోజుల పూర్తి విశ్రాంతి అవసరము.’

చీటీ తీసుకుని దాదాపు పరిగెత్తాను. చక్రధరం గారు దాన్ని రెండుసార్లు చదివారు.

"సెలవు పెడితే అది అవిశ్రాంత రత్న ఎలా అవుతుందయ్యా? నూరో రోజున శతదినోత్సవానికి చైర్మన్ గారిని పిలిచి ఉన్నాం."

"సార్, ట్యూబు పగిలేలా ఉందంటున్నారు."

"ఒక్క డాక్టరు మాట మీద ఆధారపడడం శాస్త్రీయం కాదు. మెడికల్ బోర్డు వేద్దాం. నిష్పాక్షికంగా, సమగ్రంగా పరీక్షించి నివేదిక ఇస్తారు."

మా ఆసుపత్రిలో ఉన్నది ముగ్గురే డాక్టర్లు. ఎలీషా గారు, కళ్ళ డాక్టరు, పళ్ళ డాక్టరు. బోర్డు గురువారం సమావేశం కావాలి. పళ్ళ డాక్టరుకు గురువారం మాత్రమే వీలు.

ట్యూబు బుధవారం ఉదయం పదిన్నరకు పగిలింది.

నేను మా కిటికీలోంచి చూశాను. చిమ్నీ నుంచి నల్లటి పొగ ఒక్కసారి పైకి ఎగిసింది. తర్వాత తెలిసిందేమిటంటే, దాలినాయుడు పదిన్నర పరీక్షకి కన్నం మూత మీద చెయ్యి వేశాడు. చప్పుడు మారినట్టు అనిపించి పక్కకి జరిగాడు. మొహం తప్పింది, చెయ్యి తప్పలేదు. మంట కన్నంలోంచి బారెడు బయటికొచ్చి మోచేతి నుంచి వేళ్ళ దాకా నాకేసింది. కంట్రోలు రూములో తబస్సుమ్ గారు ఎవరినీ అడగకుండా బటన్ నొక్కి నూనె ఆపేశారు. నిమిషంలో ఫర్నేసు చల్లబడడం మొదలైంది. మరో గంటలో వరాహమూర్తి గారు ఆవిడకు మెమో పంపారు. అధికారం లేకుండా ఒక ఉద్యోగిని సస్పెండు చేసినందుకు.

అదే గంటలో చక్రధరం గారు పాత తేదీ వేసి ఫర్నేసుకి మూడు రోజుల జబ్బు సెలవు మంజూరు చేశారు. జీతంతో కూడిన సెలవు. మెడికల్ బోర్డు రద్దయింది.

నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి దాలినాయుడు గేటు దగ్గర బెంచీ మీద ఉన్నాడు. చేతికి తడిగుడ్డ చుట్టారు. పదకొండు మందీ చుట్టూ నిలబడి ఉన్నారు. కౌంటర్లో ఉన్న మనిషి మంచివాడే, కంప్యూటర్ మంచిది కాదు. ఉద్యోగ సంఖ్య వెయ్యకపోతే పేరు ఎక్కదు, పేరు ఎక్కకపోతే మంచం రాదు, మందు రాదు. ఎలీషా గారు లోపలినుంచి వచ్చి, తన సొంత అలమరలోని మందు రాస్తూ నాతో కోపంగా అన్నారు.

"కాలిన ఒళ్ళు ఇది. కనీసం పది రోజులు లోపల ఉంచాలి. అంబులెన్సులో వెళ్ళి ఇనప్పెట్టెను పరీక్ష చేశానే, మనిషిని చేర్చుకోవడానికి నాకు నంబరు కావాలట. ఏదైనా నంబరు తెండి పరబ్రహ్మం గారూ. మీ సెక్షనంతా నంబర్లే కదా!"

నేను మా ఆఫీసుకు వెళ్ళి ఫర్నేసుకు తెరిచిన ఆకుపచ్చ అట్ట సర్వీసు పుస్తకం తెచ్చాను. ఉద్యోగి కుటుంబంలో భార్య, పిల్లలు, తల్లిదండ్రులు, అందరికీ మా ఆసుపత్రిలో వైద్యం ఉంది. 2141 పుస్తకంలో ఆ పేజీ ఖాళీగా ఉంది. పెన్ను తీశాను.

"దాలినాయుడూ, నిన్ను ఈ ఫర్నేసు మీద ఆధారపడినవాడిగా రాస్తున్నాను. ఏమవుతావంటే ఏం రాయను? కొడుకని రాయనా?"

అతను నొప్పితో పళ్ళు బిగబట్టి ఉన్నాడు. అయినా తల అడ్డంగా ఊపాడు.

"కొడుకునేటి బాబూ? అది లేనప్పుడే నానున్నాను. పదకొండేళ్ళ కిందట క్రేను కట్టి, ముక్క ముక్కా ఎత్తి నిలబెట్టినాం. నాలుగో ట్యూబుకి బోల్టులు నానే బిగించినాను. తండ్రని రాయండి."

తండ్రి అని రాశాను. బాగున్న చేతిని చాచి పుస్తకం తన వైపు తిప్పమన్నాడు. చదువు అంతగా రాదు, తన పేరు మాత్రం గుర్తుపడతాడు. దాని మీద వేలు పెట్టాడు.

"పంతొమ్మిదేళ్ళకి కంపినీ పుస్తకంలో ఎక్కినాది," అన్నాడు. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను.

కౌంటర్లో 2141 కొట్టగానే కంప్యూటర్ గబగబా అన్నీ ఒప్పుకుంది. మంచం వచ్చింది, మందులొచ్చాయి, పొద్దున ఇడ్లీ కూడా వచ్చింది. అక్కడే నిలబడి ఉన్న పదకొండు మంది నా వంక చూశారు. నేనే పేర్లు అడిగి రాసుకున్నాను.

మూడు రోజుల తర్వాత ఫర్నేసు కోకు కాలిపోయి, కొత్త నాలుగో ట్యూబుతో, ఫిట్‌నెస్ సర్టిఫికేటుతో డ్యూటీలో చేరింది. మరునాడు వరాహమూర్తి గారి దగ్గరనుంచి నాకు మెమో వచ్చింది. ‘ఉద్యోగ సంఖ్య 2141 యొక్క కుటుంబ వివరములలో తండ్రి అని పన్నెండు పేర్లు కనబడుచున్నవి. ఒక ఉద్యోగికి పన్నెండుగురు తండ్రులు ఉండుట నిబంధనలకు విరుద్ధము. ఒకరిని ఉంచి పదకొండుగురిని వెంటనే తొలగించవలెను.’ ఫర్నేసుకు తండ్రి ఉండడం గురించి మాత్రం ఆ మెమోలో ఏమీ లేదు.

జవాబు రాయడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. తండ్రుల్లో ఎవరిని తొలగించాలన్నా ముందుగా ఒక్కొక్కరికీ నోటీసు ఇవ్వాలని, ఏడేసి రోజుల గడువు ఇవ్వాలని, ఆ తర్వాత విచారణ అధికారిని వేసి అందరి వాదనా వినాలని, సహజ న్యాయసూత్రాల విషయంలో రాజీపడలేమని వినయంగా రాశాను. వరాహమూర్తి గారు చదివి, చాలాసేపు ఆలోచించి, ‘అట్లే చేయవలెను’ అని సంతకం పెట్టారు. మొదటి నోటీసు వచ్చే నెల ఇద్దామనుకుంటున్నాను. నా అంచనా ప్రకారం పన్నెండో తండ్రి విచారణ ముగిసేసరికి నాలుగేళ్ళు పడుతుంది. అంతవరకు వాళ్ళందరికీ ఆసుపత్రి ఉంది.